బొటనవేలంత జాగా

షాపు అంకుల్ తన బొటనవేలితో షూ ముందు భాగాన్ని నొక్కాడు. సరిగ్గా అప్పుడే, లోపల, కీర్తిక కాలి వేళ్ళు ముడుచుకుంది.

అంకుల్ మళ్ళీ నొక్కాడు. వేళ్ళకు ముందు కావలసినంత ఖాళీ తగిలింది. అయినా ఆయన ముఖంలో అనుమానం పోలేదు.

"ఓకే ఆ, గర్ల్? నాట్ టైట్ ఆ?" అని అడిగాడు.

"నో లా, అంకుల్. పర్ఫెక్ట్!" అంది కీర్తిక, ఆ ఊరివాళ్ళలాగే మాటకు 'లా' తగిలించి.

అంకుల్ నాన్న వైపు తిరిగి ఇంగ్లీషులో ఓపిగ్గా చెప్పాడు. ఇవి అడవి దారుల్లో పరుగెత్తేవాళ్ళ కోసం చేసిన షూలట. తేలిగ్గా ఉంటాయి. అడుగున పళ్ళలాంటివి ఉంటాయి కాబట్టి జారవు. బ్యాగు మోస్తూ దూరం నడిచేవాళ్ళు కూడా ఇప్పుడు ఇవే కొంటున్నారట. అయితే బరువు మోస్తూ ఎండలో నడిస్తే పాదాలు ఉబ్బుతాయి. దిగుడు దారిలో ముందుకు జరుగుతాయి. అందుకే వేళ్ళకు ముందు బొటనవేలంత జాగా ఉండాలి.

"సాయంత్రం రండి. అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. మందపాటి సాక్సులు వేసుకుని, నింపిన బ్యాగు తగిలించుకుని రండి. అప్పుడు చూద్దాం" అన్నాడు.

నాన్న శ్రీనాథ్ గడియారం చూసుకున్నాడు. పదకొండు కూడా కాలేదు.

"ఏమంటవ్ బిడ్డా? సాయంత్రం మళ్ళొద్దామా?"

కీర్తిక షూల వంక చూసుకుంది. ఆకుపచ్చ షూలు. నారింజ రంగు లేసులు. షాపులో ఆ రకానివి ఇదొక్కటే జత. సాయంత్రానికి ఎవరైనా ఎగరేసుకుపోతే?

"వద్దు నాన్నా! కాళ్ళకు ఉన్నయని కూడా తెలుస్తలేదు. అంత కంఫర్టబుల్‌గా ఉన్నయ్."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె చిటికెన వేళ్ళు రెండూ లోపల నలిగిపోతూనే ఉన్నాయి. కానీ వాటి గోడు నాన్నకు ఎలా వినిపిస్తుంది?

కీర్తిక అబద్ధాలాడే పిల్ల కాదు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆమెకు పాత కోపం ఉంది. ఆ కోపం దూది మీద.

అమ్మ కాత్యాయని ఎప్పుడూ రెండు సైజులు పెద్ద షూలే కొనేది. "పెరిగే కాళ్ళు. ఇయ్యాల సరిపోతే రేపటికి పట్టవు" అనేది. ముందు మిగిలిన ఖాళీలో దూది కూరేది. టెక్కా మార్కెట్ నుంచి దీపం వత్తుల కోసం తెచ్చిన దూది అది. దేవుడికి ఎంత దూది ఖర్చయ్యేదో, కీర్తిక షూలకూ అంతే ఖర్చయ్యేది. తీరా కాళ్ళు పెరిగి షూలు సరిపోయే వేళకు వాటి అడుగులు అరిగిపోయేవి.

పోయిన ఏడాది స్కూల్ స్పోర్ట్స్ డే నాడు రిలే పరుగులో ఉండగా ఎడమ షూ కాలి నుంచి ఎగిరి పక్క లైనులో పడింది. దాని వెనకే దూది ఉండ ఒకటి దొర్లుకుంటూ వెళ్ళింది. క్లాసంతా పగలబడి నవ్వింది. మూడు నెలలపాటు ఆమెను అందరూ 'కాటన్' అనే పిలిచారు. ఆ రోజు నవ్వకుండా పరుగెత్తుకెళ్ళి షూ తెచ్చిచ్చింది ఒక్క ఉమైమా.

ఉమైమా వాళ్ళ సొంతూరు హైదరాబాదు. ఇప్పుడు జురాంగ్ వెస్ట్‌లో వీళ్ళ బ్లాకులోనే, రెండు అంతస్తుల కింద ఉంటారు. ఇద్దరూ ప్రైమరీ ఫైవ్, అంటే అయిదో తరగతి. ఇద్దరూ ఒకే బెంచీ.

జూన్ సెలవుల్లో ఈ రెండు కుటుంబాలూ పులావ్ ఉబిన్ దీవికి వెళ్ళాలని అనుకున్నాయి. చాంగి దగ్గర పడవ ఎక్కి, దీవిలో దిగి, అడవి దారిలో నడిచి, సముద్రం ఒడ్డున టెంట్లు వేసుకుని ఒక రాత్రి ఉండాలి. కీర్తికకూ ఉమైమాకూ కలిపి ఒకే టెంటు! దాని గురించి ఇద్దరూ ఏడాదిగా మాట్లాడుకుంటున్నారు. ఏ బిస్కెట్లు తీసుకెళ్ళాలో కూడా రాసి పెట్టుకున్నారు.

నాన్న ఒకే ఒక్క షరతు పెట్టాడు. "ఎవరి బ్యాగు వాళ్ళే మొయ్యాలె. ముందుగాల మాక్‌రిచీల అడవి దారిల ఒకసారి నడిచి చూద్దాం. అది నడవగలిగితేనే ఉబిన్."

షూలు ఇంటికి వచ్చాయి. అమ్మ తలుపు దగ్గరే వాటిని తిప్పి తిప్పి చూసింది.

"ఇంత చిన్నగున్నయేంది? ఆర్నెల్లు కూడా రావు."

"కరెక్ట్ సైజ్, అమ్మా. షాపు అంకుల్ కూడా నొక్కి చూసిండు."

అది నిజమే. సగం నిజం.

ఆ వారమంతా కొత్త షూలు తలుపు బయట ర్యాక్ మీదే ఉన్నాయి. ఇంట్లోకి షూలు వేసుకుని రావడం వాళ్ళింట్లో జరగని పని. కీర్తిక రోజుకు నాలుగుసార్లు తలుపు తీసి, వాటిని చూసి మురిసిపోయి, మళ్ళీ తలుపేసేది. వేసుకుని పది అడుగులు నడిచింది మాత్రం లేదు.

శనివారం పొద్దున ఏడింటికి నలుగురూ మాక్‌రిచీ చేరుకున్నారు. కీర్తిక, నాన్న, ఉమైమా, ఉమైమా వాళ్ళ నాన్న మజీద్ అంకుల్. పిల్లల బ్యాగుల్లో రెండేసి సీసాల నీళ్ళు, రెయిన్‌కోటు, దుప్పటి, బట్టలు. ఒక్కోటి నాలుగు కిలోలు.

మొదటి గంట అద్భుతంగా గడిచింది. దారి పక్కన కోతులు కూర్చుని వీళ్ళ బ్యాగుల వంక ఆశగా చూశాయి. మజీద్ అంకుల్ తన చిన్నప్పటి కబుర్లు చెప్పి నవ్వించాడు. షూలు కొంచెం బిగుతుగా అనిపించాయి. కొత్తవి కదా, అవే సర్దుకుంటాయిలే అనుకుంది కీర్తిక.

రెండో గంటలో ఎండ పెరిగింది. పాదాలు వేడెక్కాయి. షాపు అంకుల్ చెప్పినట్టే అవి ఉబ్బాయి. ఉబ్బిన పాదాలకు షూలో జాగా ఎక్కడుంది?

చెట్ల కొమ్మలకన్నా ఎత్తులో కట్టిన వేలాడే వంతెన దగ్గరికి వచ్చేసరికి కీర్తిక చిటికెన వేళ్ళు మండిపోతున్నాయి. ఉమైమా వంతెన మీద నుంచి కిందికి చూసి కేరింతలు కొట్టింది. కీర్తికకు తన షూలు తప్ప ఏమీ కనబడలేదు.

'ఇప్పుడు చెబితే? ఉబిన్ క్యాన్సిల్ అంటాడు నాన్న' అనుకుని నోరు మూసుకుంది.

వంతెన దాటాక మెట్లు వచ్చాయి. దిగుడు మెట్లు. ఎన్నో మెట్లు.

మెట్టు మెట్టుకూ వీపు మీది నాలుగు కిలోలు ఆమెను ముందుకు తోశాయి. మెట్టు మెట్టుకూ కాలి వేళ్ళు షూ గోడకు గుద్దుకున్నాయి. కీర్తిక ఒకసారి లేసు కట్టుకోవాలని ఆగింది. ఒకసారి నీళ్ళు తాగాలంది. ఇంకోసారి ఏమీ లేని చెట్టు మీద ఏదో పిట్ట ఉందంది.

"మళ్ళీ ఆగావా? ఏమైందే నీకు? కాలు నొప్పా?" అడిగింది ఉమైమా.

"ఏం లేదు లా! నువ్వు పో."

ఆఖరికి పక్కకు తిరిగి ఒక్కో మెట్టూ దిగడం మొదలుపెట్టింది. అలా ఆరు మెట్లు దిగిందో లేదో, కాలు మడతపడి చతికిలబడింది. ఇక ఏడుపు ఆగలేదు.

నాన్న గబగబా వెనక్కి వచ్చి, షూ విప్పి, సాక్సు తీశాడు. బొటనవేలి గోరు కింద రక్తం గడ్డకట్టి నల్లగా ఉంది. చిటికెన వేలి మీద బొబ్బ చితికిపోయి ఉంది.

"ఎప్పటి నుంచి నొస్తుంది?"

"షాపు నుంచి" అంది కీర్తిక వెక్కుతూ.

అప్పుడు మొత్తం చెప్పేసింది. అంకుల్ నొక్కడం, తను వేళ్ళు ముడుచుకోవడం, దూది చూసి క్లాసంతా నవ్వడం, అన్నీ.

నాన్న తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది కీర్తికకు. ఆయన తన బ్యాగును ముందుకు తగిలించుకుని, కీర్తికను వీపు మీద ఎక్కించుకున్నాడు. మజీద్ అంకుల్ ఆమె బ్యాగు అందుకోబోయాడు. కానీ ఉమైమా అప్పటికే దాన్ని భుజాన వేసుకుంది.

"ఫికర్ నక్కో బేటా, గోరు మళ్ళ మొలుస్తది" అన్నాడు మజీద్ అంకుల్ కీర్తికతో, బెంగపడొద్దని.

ఉమైమా మాత్రం ముందుకు పోయింది. తన బ్యాగు, కీర్తిక బ్యాగు, రెండూ మోస్తూ బస్టాపు దాకా చెమటలు కక్కుకుంటూ నడిచింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

కాళ్ళు మూసే షూలు రెండు వారాలు వేసుకోవద్దన్నాడు డాక్టరు. ఉబిన్ ప్రయాణం పై శనివారమే. అది ఆగిపోయింది.

అమ్మ గోరువెచ్చని నీళ్ళలో కీర్తిక కాళ్ళు పెట్టి, పక్కనే కూర్చుంది.

"నేను రెండు సైజులు పెద్దవి కొంటే, నువ్వు ఒక సైజు చిన్నవి కొనుక్కున్నవ్. బాగనే ఉంది మన లెక్క" అంది. తర్వాత మెల్లగా, "దూది చూసి నవ్విన్రని ఒక్కనాడన్నా చెప్పినవా నాకు?" అని అడిగింది.

"నువ్వు ఫీలవుతవని చెప్పలే."

అమ్మ ఆమె తల దగ్గరికి తీసుకుంది. "ఇగ ఈ ఇంట్ల షూలకు దూది బంద్. దూది దేవునికే. సరేనా?"

ఆదివారం ఉమైమా రాలేదు. సోమవారమూ రాలేదు. కీర్తిక మూడు మెసేజీలు పెట్టింది. ఒక్కదానికీ జవాబు లేదు. కాలి నొప్పికన్నా అదే ఎక్కువ నొప్పించింది.

మంగళవారం సాయంత్రం బెల్లు మోగింది. ఉమైమా. చేతిలో వాళ్ళమ్మ హాజరా ఆంటీ చేసి పంపిన లుక్మీల డబ్బా. వేడి వేడి మైదా పొరల్లో ఖీమా వాసన గది నిండా కమ్ముకుంది. ఉమైమా డబ్బా టేబుల్ మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ట్రిప్ పోయిందని కోపమా?" అడిగింది కీర్తిక.

"ట్రిప్ గురించి కాదు! నీ పక్కనే నడిచాను. ఏమైందని అడిగాను కూడా. ఏం లేదన్నావు. నీకు నొప్పి అని తెలిస్తే నేను మెల్లగా నడిచేదాన్ని కదా. ఆ మెట్ల మీద నిన్ను తొందరపెట్టాను. తర్వాత నీ కాలు చూసి నాకెంత బ్యాడ్‌గా అనిపించిందో తెలుసా?"

ఉమైమా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కీర్తిక ఆ వైపు ఆలోచించనే లేదు. తన నొప్పి తను దాచుకుంటే అది తనొక్కదానికే సంబంధించిన సంగతి అనుకుంది.

"సారీ, ఉమైమా. నిజంగా."

ఉమైమా ముక్కు తుడుచుకుని, డబ్బా మూత తీసింది. "సరే లా. తిను. చల్లారితే బాగుండవు."

ఇద్దరూ డబ్బా ఖాళీ చేసే సరికి కొత్త తేదీ కూడా ఖాయమైంది. సెలవుల ఆఖరి శనివారం.

మూడు వారాల తర్వాత, ఒక సాయంత్రం, కీర్తిక అమ్మానాన్నలతో అదే షాపుకు వెళ్ళింది. కాళ్ళకు మందపాటి సాక్సులు. వీపున నింపిన బ్యాగు. షాపు అంకుల్ ఆమెను చూడగానే గుర్తుపట్టాడు.

"అంకుల్," అంది కీర్తిక, ముఖం ఎర్రబడగా. "అప్పుడు మీరు నొక్కినప్పుడు నేను వేళ్ళు ముడుచుకున్నాను. నాట్ పర్ఫెక్ట్. సారీ."

అంకుల్ పెద్దగా నవ్వాడు. "ఐ నో లా, గర్ల్! చాలామంది పిల్లలు అదే చేస్తారు. నాకొచ్చి చెప్పింది మాత్రం నువ్వే."

ఈసారి ఆయన నాలుగు జతలు తీశాడు. మొదటి జత మడమ దగ్గర జారింది. "లూజ్" అంది కీర్తిక. రెండో జతలో పాదం ఇరుకుగా ఉంది. "టైట్" అంది. మూడోది కాలికి బాగుంది. కానీ షాపులో పెట్టిన చిన్న వాలు చెక్క మీద బ్యాగుతో దిగి చూస్తే వేలు ముందు తగిలింది. అదీ చెప్పింది. నాలుగో జత బూడిద రంగు. నారింజ లేసులూ లేవు, ఏమీ లేవు. వేళ్ళు బారుగా చాపి నిలబడితే, అంకుల్ బొటనవేలు సరిగ్గా పట్టేంత జాగా ఉంది. వాలు మీద దిగినా వేళ్ళు తగల్లేదు.

"ఇవి, నాన్నా" అంది.

నాన్న అమ్మ వైపు చూశాడు. "నువ్వు కూడా ఒక జత తీసుకోరాదు? ఈసారి నువ్వూ వస్తున్నవ్ కదా."

"నాకెందుకు? ఒక్కరోజు నడకకు! మీ పాత షూలు ఉన్నయ్ గదా."

"అవి నీకు సరిపోతయా?"

"మస్తు సరిపోతయ్" అంది అమ్మ, బయటికి దారి తీస్తూ.

సెలవుల ఆఖరి శనివారం రానే వచ్చింది. హాజరా ఆంటీ ఇంట్లోనే ఉండిపోయింది. పడవ దిగి, మిగతా అయిదుగురూ ఉబిన్ మట్టి దారి పట్టారు. మజీద్ అంకుల్, నాన్న టెంట్లు మోస్తూ ముందు. వెనక పిల్లలు, వాళ్ళ వెనక అమ్మ. దారికి అటూ ఇటూ కొబ్బరి చెట్లు, పనస చెట్లు. ఒక అడవి పంది తన పిల్లలతో దారి దాటితే అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

గంట నడిచాక కీర్తిక కుడి మడమ దగ్గర చిన్న మంట మొదలైంది. లేసు వదులైనట్టుంది. పెద్ద నొప్పేమీ కాదు. అగ్గిపుల్ల చివరంత.

ముందు నాన్న మంచి ఊపులో నడుస్తున్నాడు. మధ్యాహ్నం దాటింది, సాయంత్రం లోపల టెంట్లు వేయాలి. 'ఇంకో పది నిమిషాలు చూద్దామా?' అనిపించింది కీర్తికకు. పక్కన ఉమైమా ఏదో పాట హమ్ చేస్తూ నడుస్తోంది.

"ఆగండి!" అని గట్టిగా అరిచింది కీర్తిక.

అందరూ ఆగిపోయారు. నాన్న ఒక్క ఉదుటున వెనక్కి తిరిగాడు.

"నాన్నా, మడమ కొంచెం మండుతోంది. ఇప్పుడే స్టార్ట్ అయింది. బొబ్బ రాకముందే ప్లాస్టర్ వేసుకుంటా."

నాన్న ముఖంలో విసుగు కోసం వెతికింది కీర్తిక. విసుగు లేదు. ఆయన అక్కడే బ్యాగు దించి, ప్లాస్టర్ల పెట్టె తీశాడు. ఉమైమా తన బ్యాగు కూడా కింద పెట్టి, పడిపోయిన చెట్టు మొద్దు మీద కూర్చుని, కీర్తిక షూ పట్టుకుంది. ప్లాస్టర్ అంటించి, లేసు బిగించి కట్టేసరికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"పోదామా?" అన్నాడు మజీద్ అంకుల్.

"ఒక్క నిమిషం, అన్నా." అమ్మ గొంతు. "ఎట్లాగూ ఆగినం కదా..."

అమ్మ మెల్లగా మొద్దు మీద కూర్చుంది. ఎవరి వైపూ చూడకుండా షూ విప్పింది. షూ బోర్లించింది. లోపలి నుంచి తెల్లటి దూది ఉండ ఒకటి ఎర్రమట్టిలో పడి, దొర్లుకుంటూ వెళ్ళి నాన్న కాళ్ళ దగ్గర ఆగింది.

అందరూ ఆ ఉండ వంకే చూశారు. మొదట నవ్వింది అమ్మే. తర్వాత ఇక ఎవరూ ఆపుకోలేకపోయారు. మజీద్ అంకుల్ అయితే కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

"దేవునికే అన్నవ్ కదమ్మా!" అంది కీర్తిక.

"అన్నంక, మళ్ళ నేనే పెట్టుకుంటినని ఎట్ల చెప్పాలె బిడ్డా? సిగ్గేసింది." అమ్మ నవ్వుతూనే ఉంది కానీ, కాలు కింద ఆనించినప్పుడు ముఖం చిట్లించింది. ఆ చిట్లింపు కీర్తికకు బాగా తెలుసు. వేలాడే వంతెన మీద తన ముఖం కూడా అలాగే ఉండి ఉంటుంది.

"నాకు తెలుసమ్మా" అంది కీర్తిక. ఆమె మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుంది. "కాలు ఇటు పెట్టు."

సాక్సు తీసి చూస్తే అమ్మ పాదం పక్కన ఎర్రగా కందిపోయి ఉంది. కీర్తిక దాన్ని రుమాలుతో తుడిచి, ప్లాస్టర్ అంటించింది. తర్వాత తన బ్యాగు విప్పి, అట్టడుగున ఉన్న మందపాటి సాక్సుల జత బయటికి తీసింది. రేపటి కోసం తను మోసుకొస్తున్నవి. రెండో షూలోని దూది కూడా తీసేసి, అమ్మ రెండు కాళ్ళ సాక్సుల మీద వాటిని తొడిగింది. షూలు వేసి, లేసులు బిగించి, ముందు భాగాన్ని తన బొటనవేలితో నొక్కి చూసింది.

"వేళ్ళు చాపు."

"చాపిన."

"నిజంగా?"

"నీ మీద ఒట్టు" అంది అమ్మ. ఆమె కళ్ళు తడిగా మెరిశాయి.

అక్కడి నుంచి కీర్తికా ఉమైమా ఇద్దరూ అమ్మ నడిచే వేగంతోనే నడిచారు. టెంట్లు వేసేసరికి పొద్దు వాలింది కానీ, సముద్రం ఇంకా కనబడుతూనే ఉంది.

ఆ దూది ఉండలను చెత్త సంచిలో వేసింది ఉమైమా. అమ్మ మళ్ళీ వెతుక్కోకుండా, ఆ సంచి మూతికి కీర్తిక రెండు ముళ్ళు వేసింది.